కడలి యెదుట సన్న్యాసి

ప్రకృతితో మానవునికి గల బాంధవ్యమును గూర్చి ప్రసంగింతునని వినినంతనే, అత్తవారింటికి బయలుదేరిన శకుంతల చీర చెరగు పట్టి లాగు లేడికూనయు, ఆమెకు నగలొసగిన తపోవనతరువులును మీ మనస్సున మెదలియుండును. మన కావ్యసంస్కారమునకు అదియే సహజము. అయినను నేడు నేను చెట్టు లేని, లేడి లేని, మనిషిని పలుకరించు ప్రాణి యేదియు లేని యొక పటమును మీ ముందుంచదలచితిని.

1774లో బాల్టిక్ తీరమందలి గ్రైఫ్స్‌వాల్డ్ పట్టణమున జన్మించి, డ్రెస్డెన్ నగరమున స్థిరపడిన కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్ 1808 మొదలు 1810 వరకు చిత్రించిన తైలవర్ణపటమిది. వెడల్పు ఇంచుమించు 171 సెంటీమీటర్లు, ఎత్తు 110. నేడు బెర్లిన్‌లోని ఆల్టే నాట్సియోనాల్‌గాలెరీ యను చిత్రశాలలో నున్నది. అడుగున పాలిపోయిన యిసుకదిబ్బ, దానిపై సన్నని నల్లని సముద్రపు పట్టె, తక్కినదంతయు, అనగా పటమున ముప్పాతికకు మించిన భాగము, ఆకాశమే. ఆ దిబ్బమీద, నడుమ గాక ఎడమవైపునకు జరిగి, నల్లని అంగీ ధరించిన సన్న్యాసి యొకడు మనకు వీపు చూపి, చేయి గడ్డమున కానించి నిలిచియున్నాడు. పటమంతటిలో నిటారుగా నున్నవాడు అతడొక్కడే. ప్రక్కల నొక చెట్టునో బండనో నిలిపి చూపరి దృష్టిని లోనికి నడిపించుట నాటి ప్రకృతిచిత్రకారుల మర్యాద. ఇందు ఆ మర్యాద లేదు, నీటిగీత ఈ అంచునుండి ఆ అంచునకు అడ్డులేక సాగిపోయినది.

పటము ఇంకను చిత్రకారుని యింటనే యుండగా, 1809లో దానిని చూచిన యొకామె, ఆయన మిత్రుడును చిత్రకారుడును నగు క్యూగెల్గెన్ భార్య, ఇందు పడవ లేదు, ఓడ లేదు, తుదకు సముద్రభూతమైనను లేదని యొక జాబులో వాపోయెను. వినోదమేమనగా, ఓడలు ఉండవలసినవే. పరారుణ కిరణములతో పరీక్షింపగా, ఫ్రీడ్రిష్ మొదట నీటిపై ఓడలను గీసి పిమ్మట విడిచిపెట్టెనని తేలినది. నా దృష్టిలో ఈ పటమునకు ప్రాణమంతయు ఆ విడుపులోనే యున్నది. ఓడ యున్నచో సముద్రము దారియగును. ఎవరు వచ్చుచున్నారు, ఏమి తెచ్చుచున్నారు అని మనము విచారింప మొదలిడుదుము, ఆ సన్న్యాసియు ఎవరికొరకో వేచియున్న వాడగును. ఓడ తొలగినతోడనే కడలికి మనతో పని లేదు, మనకు దానితో పని లేదు. అట్టి స్థితిలోను అతడు కదలక నిలిచి చూచుచున్నాడు. ఉప్పాడ జాలరి దీనిని చూచి నవ్వవచ్చును, గాలి మళ్లినదా, చేప తిరుగుచున్నదా యని నీటిని చదువువానికి వల లేక తీరమున నిలుచువాడు పనిలేనివాడే. ఆ నవ్వు న్యాయమే. జాలరి యెరిగినంత సముద్రమును ఈ సన్న్యాసి యెన్నడును ఎరుగడు.

1810లో బెర్లిన్ అకాడమీ ప్రదర్శనమున దీనికి దిగువను, శిథిలాలయములోనికి సన్న్యాసులు శవపేటికను మోయు వేరొక పటమును జతగా నుంచిరి. యువరాజు కోరగా ప్రష్యా రాజు రెండింటిని కొనెను. ఆ పేటికలోనివాడు మన సన్న్యాసియే యని కొందరు విమర్శకులు కథ నల్లిరి. జత కూర్చినవాడు చిత్రకారుడే యైనను, ఓడనే సహింపని పటమునకు శవపేటికను తగిలించుట నాకు సమ్మతము గాదు. ఈ చీకటి వ్యాఖ్యలకు వేరొక కారణమును గలదు. 2016 నాటికి ముగిసిన పునరుద్ధరణలో, ఏండ్ల తరబడి ముదురుబారిన వార్నీషును, పరులు పూసిన రంగులను తొలగింపగా ఆకాశము తెలివొందినది. అంతకుముందు అందు నిరాశను చూచినవారు కొంతవరకు వార్నీషునే చూచిరి.