గోల్కొండ గోడ, నీరు, చెట్టు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గోల్కొండ అనగానే చూడ్డానికి వెళ్ళినవాళ్ళకి చప్పట్ల ప్రతిధ్వని గుర్తొస్తుంది. ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగ్ అయినవాళ్ళకి గుర్తొచ్చేది వేరు లెండి, పొద్దున్నే పీటీ! 1962లో ఏర్పడిన ఆ సెంటర్ ఈ కోట నీడలోనే ఉంది. కనుక ఈ కోట మంచిచెడ్డల్లో మనకీ పాలుంది.

కాకతీయుల నాటి మట్టికోటను కుతుబ్‌షాహీలు రాతికోట చేశారు. బయటి ప్రాకారానికి 87 బురుజులు, 8 ద్వారాలు. 1656లో ఔరంగజేబు దాడి చేసినప్పుడు కోట బయటి మిట్ట శత్రువుకి అనువుగా ఉందని తేలింది. తర్వాత ఆ మిట్టను కలుపుకుని నయాఖిల్లా కట్టారు. గన్నర్లకి ఇందులోని తెలివి వేరే చెప్పక్కర్లేదు. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత కోట పడింది. అదీ లోపలివాడు తలుపు తీస్తేనే!

ఫిరంగులకు నిలిచిన ఆ గోడలు ఇప్పుడు వానకి కూలుతున్నాయి. 2020 అక్టోబరు వానల్లో కోట గోడ కొంత పడిపోయింది. ఇలాంటి గోడ వెనక మట్టి ఉంటుంది. నీరు పోయే దారి మూసుకుపోతే ఆ మట్టి నాని, బరువెక్కి, రాళ్ళను బయటికి నెడుతుంది. కట్టినవాళ్ళకి నీటి సంగతి బాగా తెలుసు. దుర్గం చెరువు నీళ్ళను మట్టి గొట్టాల్లో తెచ్చి, చక్రాలతో అంచెలంచెలుగా కొండమీది బాలాహిస్సార్‌కి ఎక్కించారు. కోటలోపల కటోరా హౌజ్ తవ్వించారు. చెరువు, కాలవ, గోడ అన్నీ ఒకే ఏర్పాటు. ఒకదాన్ని పాడుచేసి ఇంకోదాన్ని కాపాడలేం.

ఇక చెట్లు. నయాఖిల్లాలో 'హాతియాన్ కా ఝాడ్' అనే బావోబాబ్ ఉంది. ఆఫ్రికా జాతి చెట్టు, వయసు నాలుగు వందల ఏళ్ళ పైమాటే అంటారు. బురుజుని ఎలా చూస్తామో దాన్నీ అలాగే చూడాలి. కానీ రాళ్ళ సందులో మొలిచిన రావిమొక్క సంగతి వేరు. పైన నరికేస్తే వేరు లోపల బతికే ఉంటుంది. ముదిరాక బలంగా లాగితే రాయితో సహా ఊడొస్తుంది. మొలకగా ఉన్నప్పుడే పురావస్తు శాఖవారికి చెప్పాలి. మన ఫెటీగ్ పార్టీ గునపాలతో దిగకూడదు.

మనవాళ్ళకి ఇంకో అలవాటుంది. కదిలేదానికి సెల్యూట్, కదలనిదానికి గేరూ చూనా! వీఐపీ విజిట్ అంటే చాలు, రాయీ చెట్టూ ఒకటే రంగు. పాతరాతికి ఆ ముస్తాబు వద్దు. డంగు సున్నంతో కట్టిన గోడకు సిమెంటు పూతా వద్దు. సిమెంటు తేమను బయటికి పోనివ్వదు, లోపల సున్నం గుల్లబారుతుంది. 2010 చట్ట సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపైన 200 మీటర్ల వరకు అనుమతి కావాలి. స్టోర్ రూమ్ వేసే ముందు ఇది చూసుకోవాలి.

రిటైరైన పెద్దలకు ఒక విన్నపం. మీ ఆల్బంలలో గోల్కొండలో దిగిన పాత గ్రూపు ఫోటోలు ఉంటాయి. వాటిలో మీ వెనకాల గోడ ఉంటుంది, ఇప్పుడు కూలిన చోటు అప్పుడెలా ఉందో అందులో కనబడుతుంది. మరమ్మతు చేసేవారికి అది పనికొస్తుంది. సంవత్సరం, చోటు ఫోటో వెనక రాసి, ఒక కాపీ మన సంఘానికి ఇవ్వండి. పురావస్తు శాఖకు చేర్చే ఏర్పాటు చేద్దాం.