చేతిలో ఆకు, పక్కన పుస్తకం



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. ఈ ఊళ్లలో చాలా వాడల్లో ఆడవాళ్లు గడప దగ్గర కూర్చుంటారు. ఒడిలో చాట ఉంటుంది. చాటలో తునికాకు, తంబాకు ఉంటాయి. చేతులు బీడీలు చుడుతూనే ఉంటాయి.

"ఇంట్లనే ఉంటది, ఏం పని చేస్తది?" అని కొందరు అంటారు. ఇది న్యాయమైన మాటేనా? ఆకు తడపాలి. కత్తెరతో కత్తిరించాలి. తంబాకు పోసి చుట్టాలి. దారం కట్టాలి. 25 బీడీలు ఒక కట్ట. 40 కట్టలైతే వెయ్యి బీడీలు. వంట, నీళ్లు, పిల్లల నడుమనే ఇదంతా జరగాలి. ఇది పని కాదా?

పనే అని చట్టం చెప్పింది. 1966లో బీడీ కార్మికుల కోసం దేశమంతటికీ ఒక చట్టం వచ్చింది. ఇంటి దగ్గర చుట్టేవారు కూడా కార్మికులే అని అందులో రాశారు. ఇంట్లో చుట్టేవారికి కూడా పీఎఫ్ ఇవ్వాల్సిందే అని 1985లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

హక్కు కాగితం మీద ఉంది. ఆ కాగితాన్ని చదివేది ఎవరు? అక్షరాలు నేర్చి పుస్తకం మూసేస్తే, నేర్చినవి మరిచిపోతాం. "తీరిక ఏడున్నది?" అంటారా? రోజుకు పావుగంట చాలు. ఒక్క వారం చేసి చూడండి.

కోరుట్లలో ఒక ఇల్లు అనుకోండి. అత్త, కోడలు ఇద్దరూ బీడీలు చేస్తారు.

సోమవారం కోడలు పాసుబుక్కు మొదటి పేజీ చదివింది. పేరు, పీఎఫ్ నంబరు చూసింది. ఆధార్ కార్డు పక్కన పెట్టి పేరు పోల్చింది. రెండింట్లో పేరు వేరుగా ఉంటే రేపు పీఎఫ్ పైసలు తీసుకునేటప్పుడు తిప్పలు వస్తాయి.

మంగళవారం కార్ఖానా వాళ్లు ఇచ్చిన ఆకు ఎంత, తంబాకు ఎంత అని చదివింది. నోటుబుక్కులో రాసుకుంది.

బుధవారం పక్కింటి ఆడవాళ్లు వచ్చారు. కోడలు కథల పుస్తకం పైకి చదివింది. అందరూ వింటూ బీడీలు చుట్టారు. ఇది కొత్త పద్ధతి కాదు. క్యూబా అనే దేశంలో చుట్టలు చేసే కార్ఖానాల్లో 1865 నుంచే ఇట్లా చదివేవారు. ఒకరు చదువుతుంటే మిగతావారు వింటూ పని చేసేవారు. చదివే మనిషికి పనివాళ్లే తలా కొంత వేసి కూలి ఇచ్చేవారు.

గురువారం 40 కట్టలు అప్పజెప్పారు. ఇంటికి వచ్చాక కోడలు పాసుబుక్కు చూసింది.

"అత్తమ్మా, 900 అని రాసిన్రు. 40 కట్టలు ఇచ్చినం గద? వెయ్యి కావాలె."

"బాగలేవని కొన్ని తీసేసిన్రేమో బిడ్డా."

"తీసేస్తే అది గూడ రాయాలె గదా. ఏడ రాసిన్రు?"

శుక్రవారం ఇద్దరూ కలిసి పోయి అడిగారు. గుమాస్తా తన లెక్క మళ్లీ చూశాడు. అందులో 40 కట్టలే ఉన్నాయి. అంకె దిద్దాడు. వంద బీడీల కూలి నిలిచింది. ఆ కూలి మీద కట్టే పీఎఫ్ కూడా నిలిచింది.

శనివారం అత్త పెన్సిల్ అడిగింది. వారం లెక్క తానే కూడింది.

తెలంగాణ వచ్చాక బీడీ కార్మికులకు ఆసరా పథకంలో భృతి ఇచ్చారు. మొదట నెలకు 1000 రూపాయలు. 2019లో అది 2016 రూపాయలైంది. ఆ భృతికి కూడా పీఎఫ్ నంబరే అడిగారు. చిన్న నంబరు కదా అని వదిలేస్తే ఎంత నష్టమో చూడండి!

ఇంకో మాట. పుస్తకం పట్టే ముందు, పిల్లలకు అన్నం పెట్టే ముందు సబ్బుతో చేతులు కడగండి. తంబాకు దుమ్ము ఒంటికి మంచిది కాదు.

ఈ రాత్రి మీ పాసుబుక్కు తీయండి. మీ పేరు మీరే చదవండి. నిన్నటి లెక్క మీరే చూడండి. అర్థం కాకపోతే పక్కింటి చెల్లెను పిలవండి. ఇద్దరూ కలిసి చదవండి.