రసాయనశాస్త్ర పరీక్షకుఁ బ్రశ్నాభ్యాసము



మన బాలబాలికలు పదవ తరగతి పరీక్షకు ముందు రసాయనశాస్త్ర గ్రంథమును ఆమూలాగ్రముగ మరల మరలఁ జదువుదురు. శ్రమకుఁ గొదవలేదు, ఫలము స్వల్పము. చదివినకొలఁదిఁ బాఠము పరిచితమగును. ఆ పరిచయమునే వారు జ్ఞానమని భ్రమింతురు.

ఒక్క ప్రశ్న నిచ్చి చూడుఁడు. 25 గ్రాముల శుద్ధమైన సున్నపురాయిని పూర్తిగాఁ గాల్చిన నెంత పొడిసున్నము వచ్చును? 100 గ్రాముల రాయికి 56 గ్రాముల సున్నమును, 44 గ్రాముల కార్బన్ డయాక్సైడును వచ్చును గాన, సమాధానము 14 గ్రాములు. తప్పినవారందఱు నొకచోటనే తప్పరు. ఒక బాలుఁడు సమీకరణమే వ్రాయలేఁడు. ఒక బాలిక అణుభారమును తప్పుగాఁ గూడును. వేఱొకఁడు అనుపాతమునఁ దడఁబడును. మొదటివారికి సమీకరణములు, రెండవవారికి అణుభారములు, మూఁడవవారికి అనుపాతములు పదేసి ప్రశ్నలుగా నిచ్చి, నాలుగు దినములకు మరల నడుగవలెను. నిదానము లేని చికిత్సవలెఁ, దప్పెఱుఁగని పునశ్చరణము వ్యర్థము.

రోడిగర్, కార్పికీ యను నమెరికా మనశ్శాస్త్రజ్ఞులు 2006లోఁ బ్రకటించిన పరిశోధన యిదియే చాటినది. అయిదు నిమిషములకే పరీక్షింపఁగా మరలఁ జదివినవారు మిన్నయైరి. వారము గడచినపిమ్మటఁ బరీక్షింపఁగాఁ, బుస్తకము మూసి జ్ఞప్తికిఁ దెచ్చుకొని వ్రాసినవారు మిన్నయైరి.

కావున దాతలారా! పరీక్ష తరువాత నిచ్చు బహుమతుల ధనమునఁ గొంత ముందే వెచ్చించి, సాయంకాలములందు మన పిల్లల జవాబులను దిద్దుట కొక యుపాధ్యాయునిఁ గుదుర్పుఁడు. నెగ్గినవారికిఁ బతకము శోభ; తప్పుచున్నవారికి దిద్దెడి చేయి యాధారము. స్వస్తి.