రొదలో వినిపించిన ఆకాశం

రేడియో ముల్లును ఒక కేంద్రానికీ మరొక కేంద్రానికీ నడుమ ఆపి కొంచెంసేపు వింటే, మాటా కాక, పాటా కాక ఒక రొద వినవస్తుంది. దానికోసం ఎవరూ రేడియో కొనుక్కోరు. వెంటనే ముల్లు త్రిప్పి పాట ఉన్నచోటికి పోతారు. కాని ఆ రొదనే శ్రద్ధగా విని, తూచి, అది ఎక్కడినుంచి వస్తున్నదో విచారించినవారు కొందరున్నారు. వారికి దొరికినది చిన్న విషయం కాదు.

రొదలన్నీ ఒక జాతివి కావు. వేసవి సాయంకాలం, ఉరుము చెవిని పడకముందే మీడియం వేవులో పటపటమనేది మెరుపు. వీధిలోని మోటారూ, ఇంటిలోని ఎల్.ఇ.డి. దీపమూ, ఫోను ఛార్జరూ కలిగించే గరగర మనుష్యకృతం. ఇవన్నీ లేనిచోట, ఏరియల్ ఊడదీసినా వదలనిది ఇంకొకటి ఉన్నది. తీగలలోని ఎలక్ట్రాన్లు వేడివల్ల ఎడతెరపి లేకుండా కదలాడుతూ ఉండడంచేత అది పుడుతుంది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో జాన్సన్ దానిని కొలిచినాడు. నైక్విస్ట్ లెక్క తేల్చినాడు. ఇద్దరి వ్యాసాలూ 1928లో వెలువడినవి. వేడి పెరిగినకొద్దీ ఈ రొద పెరుగుతుంది. ఎంత వెడల్పైన పౌనఃపున్యపట్టీని లోనికి రానిస్తే అంతా పెరుగుతుంది. మామూలు గది వేడిలో ఒక్కొక్క హెర్ట్స్‌కు ఇది వాట్‌లో ఎంత భాగమో వ్రాయాలంటే, దశాంశ బిందువు పెట్టి, ఇరవై సున్నలు చుట్టి, తరువాత 4 వేయవలసి ఉంటుంది.

అదే 1928లో కార్ల్ జాన్‌స్కీ అనే ఇరవైరెండేండ్ల యువకుడు బెల్ సంస్థలో చేరినాడు. అట్లాంటిక్ సముద్రం మీదుగా షార్ట్‌వేవులో నడిచే టెలిఫోను సంభాషణలను పాడుచేస్తున్న రొద ఎక్కడిదో కనిపెట్టడం అతని పని. న్యూజెర్సీలోని హోమ్‌డెల్‌లో సుమారు 30 మీటర్ల పొడవైన ఏరియల్ కట్టి, ఫోర్డు మోటారుబండి చక్రాలమీద నిలిపి, 20 నిమిషాలకొక ప్రదక్షిణం చేయించినాడు. అది 20.5 మెగాహెర్ట్స్‌ను వినేది. మెగాసైకిళ్లని చెప్తే పెద్దవారికి త్వరగా తెలుస్తుంది. దగ్గరి పిడుగులు ఒకటి, దూరపు పిడుగులు ఒకటి. ఇవి గాక మూడవది, సన్నగా, నిలకడగా బుసకొట్టేది ఒకటి దొరికినది.

మొదట అది సూర్యునితోపాటు తిరుగుతున్నట్లు తోచినది. నెలలు గడిచినకొద్దీ సూర్యునికంటే ముందే రాసాగినది. నెలకు రెండు గంటల చొప్పున, అంటే రోజుకు నాలుగు నిమిషాలు. రోజుకు నాలుగు నిమిషాలు ముందుగా ఉదయించేవి నక్షత్రాలు! మన పంచాంగకర్తలకు ఇది క్రొత్త సంగతి కాదు. ఆ రొద ధనూరాశి దిక్కునుంచి, పాలపుంత నడిబొడ్డునుంచి వస్తున్నదని జాన్‌స్కీ 1933లో తేల్చినాడు. ఆ మేలో ఒక అమెరికను రేడియో ఆ బుసను శ్రోతలకు వినిపించినది కూడా. సంస్థకు కావలసిన జవాబు దొరికినది గనుక అతనిని వేరే పనికి మార్చినారు. 1950లో, 44వ యేట అతడు మరణించినాడు. ఈనాడు ఖగోళ రేడియో సంకేతాల బలాన్ని కొలిచే ప్రమాణానికి అతని పేరే.

పని మిగిలిపోయినది. గ్రోట్ రీబర్ అనే రేడియో ఇంజనీరు 1937లో వీటన్ అనే ఊళ్లో, తన పెరటిలో, సొంత డబ్బుతో 9 మీటర్లు దాటిన లోహపు గిన్నె కట్టినాడు. వేడివల్ల వచ్చే రొదైతే పౌనఃపున్యం హెచ్చినకొద్దీ బలంగా ఉండాలి గదా అని 3300 మెగాహెర్ట్స్‌తో ప్రారంభించినాడు. ఏమీ లేదు. 900కు దిగినాడు. ఏమీ లేదు. 160కి దిగిన తరువాత పాలపుంత వినబడినది. పగలు దారిన పోయే కార్ల నిప్పురవ్వలు చెవులు చిల్లులు పొడిచేవి. అందుచేత రాత్రులు కొలిచేవాడు. పౌనఃపున్యం తగ్గేకొద్దీ ఆకాశపు రొద హెచ్చుతున్నది. కనుక అది కేవలం వేడి కాదు. అయస్కాంత క్షేత్రాలలో మహావేగంతో సుడులు తిరిగే ఎలక్ట్రాన్లే కారణమని తరువాత తేలినది. ఒక్కచోటనే విని ఊరుకుంటే ఇది తెలిసేది కాదు.

ఇంత బలహీనమైన దానిని కొలిచేదెట్లా? పెంకుటింటిమీద రెండు జల్లులు పడినవనుకోండి. రెండవది నూటికొక వంతు పెద్దది. చెవితో విని చెప్పలేము. వాకిట్లో వెడల్పు మూతి గంగాళం పెట్టి గంటసేపు నీరు పడితే చెప్పగలము. ఆ మూతి పౌనఃపున్యపట్టీ. వింతేమంటే, మాట వినేవానికి వెడల్పైన పట్టీ శత్రువు. రొదను కొలిచేవానికి అదే మిత్రుడు. అయితే కొలతను రెట్టింపు సూక్ష్మం చేయాలంటే నాలుగురెట్ల కాలం వినవలసిందే.

గ్రాహకం తానే నిలకడగా లేకపోతే గంటలకొద్దీ విన్నా ఫలం లేదు. 1946లో రాబర్ట్ డికీ ప్రకటించిన ఉపాయం మన కోమటిసెట్టి ఎరుగనిది కాదు: తక్కెడమీద నమ్మకం లేనప్పుడు సరుకునూ, తూనికరాయినీ ఒకే సిబ్బిలో మార్చిమార్చి వేసి చూడడం. సెకనుకు 30 సార్లు ఏరియల్‌నూ, వేడి తెలిసిన నిరోధకాన్నీ మార్చి కలుపుతూ, తేడా మాత్రమే లెక్కించినాడు.

1964లో అదే హోమ్‌డెల్‌లో పెంజియాస్, విల్సన్ అనేవారు తూనికరాయిగా ద్రవ హీలియంతో చల్లబరచిన నిరోధకాన్ని పెట్టుకొని, 4080 మెగాహెర్ట్స్ వద్ద ఆకాశాన్ని తూచినారు. మూడున్నర డిగ్రీల రొద ఎక్కువ వచ్చినది. కొమ్ము ఆకారపు ఏరియల్‌లో కాపురమున్న పావురాలను తరిమి, రెట్టలు కడిగినారు. రొద పోలేదు. ఏ దిక్కుకు త్రిప్పినా, ఏ ఋతువులో విన్నా అంతే. 1965లో ప్రకటించినారు, 1978లో నోబెల్ బహుమతి వచ్చినది. విశ్వం పుట్టుకనాటి వేడి చల్లారి మిగిలిన ఆ శేషం, తరువాతి కొలతలలో 2.725 డిగ్రీలని స్థిరపడినది.