నాలుగు చన్నులు, నాలుగు గుంటలు

మాధవరం, పుళల్, రెడ్‌హిల్స్ చుట్టుపక్కల ఆవుల్ని పెట్టుకుని మద్రాసు ఊరికి పాలు పోస్తున్న మన తెలుగువాళ్లందరి కోసం ఈ నాలుగు మాటలు. పొద్దుటి పితకడం అయిపోయి ఉంటుంది. క్యాన్లు కడుక్కుంటూనే నా మాట కాస్త వినండి.

పొదుగువాపు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పొదుగు రాయిలా గట్టిపడుతుంది, చెయ్యి వేస్తే ఆవు కాలు విసురుతుంది, పాలల్లో తరకలు పడతాయి. కంటికి కనిపిస్తుంది కాబట్టి పరుగున డాక్టరును పిలుస్తారు. ఇవాళ నేను చెప్పేది కనిపించని పొదుగువాపు గురించి. ఇందులో పొదుగు మెత్తగానే ఉంటుంది. ఆవు మేస్తుంది, నెమరు వేస్తుంది. పాలూ తెల్లగానే ఉంటాయి. కాకపోతే పూటకో అర లీటరు తగ్గుతాయి. దాణా మారింది కదా అనుకుంటాం, ఎండలు కదా అనుకుంటాం, ఎవరి దిష్టో తగిలిందంటాం. దిష్టి తీయండి, నేను వద్దనను. దాంతోపాటు పాలు కూడా పరీక్ష చేయండి. పైకి తెలిసే కేసు ఒకటుంటే, తెలియనివి పదిహేను నుంచి నలభై దాకా ఉంటాయని పశువైద్య పుస్తకాలు చెబుతాయి.

ఒకసారి ఒక ఇంటికి వేరే పని మీద వెళ్లాను. ఆ ఇంటి అమ్మగారు కాఫీ ఇస్తూ, "మా గౌరి పాలు రెండు వారాలుగా కాస్త ఉప్పగా ఉంటున్నాయండీ, పెరుగు కూడా సరిగా తోడుకోవడం లేదు" అంది. సగం రోగనిర్ధారణ ఆవిడే చేసేసింది! సూక్ష్మజీవి పొదుగులో చేరితే పాలు తయారుచేసే కణాలు దెబ్బతింటాయి. పాలకు తీపినిచ్చే లాక్టోజు తగ్గుతుంది, రక్తంలోని సోడియం, క్లోరైడు పాలలోకి దిగుతాయి. అందుకే ఆ ఉప్పదనం. అలాగని పచ్చిపాలు నాలుక మీద వేసుకుని చూసేరు! బ్రూసెల్లా లాంటి జబ్బులు పచ్చిపాలతోనే మనుషులకు అంటుకుంటాయి. ఆవిడ చూసింది కాచిన పాలు.

పాలకేంద్రంలో రోజూ పరీక్ష చేస్తున్నారుగా అని మీరు అనవచ్చు. వాళ్లు చూసేది వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (అంటే వెన్న కాని ఘనపదార్థాలు). పైగా అక్కడికి చేరేసరికి నాలుగు చన్నుల పాలు, నాలుగైదు ఆవుల పాలు ఒకే క్యానులో కలిసిపోయి ఉంటాయి. మూడు మంచి చన్నుల పాలు నాలుగోదాని తప్పును కప్పేస్తాయి. కాబట్టి ఏ చన్ను పాలు ఆ చన్నువిగానే చూడాలి.

దానికి మన చేతిలో ఉన్నది సీఎంటీ, అంటే కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్. 1957లో అమెరికాలో షాల్మ్, నూర్‌లాండర్ అనే ఇద్దరు బయటపెట్టిన పరీక్ష. నాలుగు గుంటలున్న చిన్న ప్లాస్టిక్ పళ్లెం, ఒక సీసాలో ఊదారంగు మందు, అంతే సామాను. పొదుగు కడిగి, పొడిగుడ్డతో తుడిచి, మొదటి రెండు మూడు ధారలు వేరే గిన్నెలోకి తీసేయండి. నేల మీదికి పిండకండి, అందులో జబ్బు ఉంటే కొట్టమంతా పాకుతుంది. తర్వాత ఒక్కో చన్ను నుంచి ఒక్కో గుంటలోకి రెండు మూడు మిల్లీలీటర్ల పాలు, అంతే కొలత మందు. పళ్లేన్ని పది సెకన్లు గుండ్రంగా మెల్లగా తిప్పండి. తిప్పుతూనే చూడాలి, కొద్దిపాటి చిక్కదనమైతే క్షణాల్లో కరిగిపోతుంది. నీళ్లలా జారితే బాగున్నట్టు. గంజిలా చిక్కబడితే అనుమానం. కోడిగుడ్డు తెల్లసొనలా ముద్దకట్టి గుంట నడుమకు చేరితే ఇక అనుమానం లేదు.

ఎందుకు చిక్కబడుతుందంటే, సూక్ష్మజీవులతో పోరాడటానికి తెల్లకణాలు గుంపులుగా పాలలోకి వస్తాయి. మందులోని సబ్బు లాంటి పదార్థం ఆ కణాలను పగలగొడితే, లోపలి డీఎన్‌ఏ బయటపడి జిగురు కడుతుంది. మిల్లీలీటరు పాలలో రెండు లక్షల కణాలు దాటితే ఆ చన్నును అనుమానించాలి. మందు దొరక్కపోతే అర లీటరు నీళ్లలో పదిహేను గ్రాముల బట్టల సబ్బుపొడి కలిపి, అదే కొలతన వాడినా చిక్కదనం తెలుస్తుంది. పరీక్షకు వాడిన పాలు మాత్రం పారబోయండి, కుక్కకూ పిల్లికీ పెట్టకండి. ఈనిన మొదటి అయిదారు రోజులు ఈ పరీక్ష పెట్టొద్దు. జున్నుపాలలో కణాలు ఎలాగూ ఎక్కువే, లేని జబ్బు ఉన్నట్టు చూపిస్తుంది.

చిక్కబడిందని మందుల షాపుకు పరుగెత్తి ట్యూబు తెచ్చి చన్నులోకి ఎక్కించకండి. నాకు బాగా కోపం వచ్చేది ఇక్కడే. ఏ సూక్ష్మజీవో తెలియాలి, ఏ మందుకు లొంగుతుందో తెలియాలి. చన్ను కొసను స్పిరిటుతో తుడిచి, శుభ్రమైన సీసాలో పాలు పట్టి, ఐసులో పెట్టి పరీక్షకు పంపండి. 1903లో సైదాపేటలో మొదలై వేపేరికి మారిన పశువైద్య కళాశాల మన ఊళ్లోనే ఉంది. పశువైద్య విశ్వవిద్యాలయమైతే మాధవరం మిల్క్ కాలనీలోనే ఉంది, మనలో కొందరికి నడిచి వెళ్లేంత దూరం. కొన్ని చన్నులకు ఆవు వట్టిపోయే వేళ మందు వేయడమే మేలని డాక్టరే చెప్పవచ్చు. మందు వాడినన్ని రోజులూ, ఆ తర్వాత ఆయన చెప్పినన్ని రోజులూ ఆ పాలు అమ్మకూడదు.

ఈలోగా మంచి ఆవుల్ని ముందు పితకండి, జబ్బు ఆవును ఆఖర్న. బొటనవేలు మడిచి లాగకుండా పిడికిలి నిండా పట్టి పితకండి. అయ్యాక చన్నుల్ని అయోడిన్ మందులో ముంచి, ముందు మేత వేయండి. పితికిన అరగంట దాకా చన్ను రంధ్రం తెరిచే ఉంటుంది, ఆవు నిలబడి ఉంటే బురద అంటదు. అక్టోబరు, నవంబరు వానల్లో మన కొట్టాలు ఎలా ఉంటాయో మీకు తెలుసు కదా.

ఆ గౌరికి వెనక కుడి చన్ను పాలు ముద్దకట్టాయి. మొన్న ఆ ఇంటికి మళ్లీ వెళ్లాను. ఆ పళ్లెం కొట్టంలో మేకుకు వేలాడుతోంది. పక్కన క్యాలెండరులో ప్రతి నెలా ఒకటో తారీకు గడిలో పెన్సిలుతో నాలుగు చుక్కలు. మూడు నెలల కాగితాల్లో ఒక చుక్క చుట్టూ సున్నా ఉంది. ఈ నెల కాగితంలో లేదు.