గోలకొండ నుండి బందరునకు



ఫిల్మ్ నగరునందు ‘కారవాను’ అనిన ఎల్లరకును తెలియును. చిత్రీకరణము జరుగుచోట నటీనటులు వేషము వేసికొనుటకును, విశ్రమించుటకును ఉపయోగించు పెద్ద బండి అది. అట్టి బండిలోనే పడకలును, వంట వసతియు నేర్పరచుకొని సకుటుంబముగ దేశాటనము చేయు ముచ్చట ఇప్పుడు మనవారిలోను కొందరకు కలిగినది. వారు మొట్టమొదట పోదగిన ఊరు బందరని నా మనవి.

త్రోవయే అందులకు మొదటి కారణము. ఫిల్మ్ నగరునకు దాపుననున్న గోలకొండ కుతుబ్ షాహీల రాజధానిగ నున్న కాలమున మచిలీపట్నమే ఆ రాజ్యమునకు ముఖ్యమైన రేవు. బందరనగా పారసీక భాషలో రేవనియే యర్థము. ఫ్రాన్సు దేశపు వజ్రవర్తకుడు తావెర్నియే 1652లో ఇచ్చట ఓడ దిగియే గోలకొండకు పోయెను. ఆనాడు ఎడ్లమీద దినముల కొలది సాగిన పయనము నేడు సూర్యాపేట, కోదాడ, బెజవాడల మీదుగ సుమారు 340 కిలోమీటర్లు. ప్రొద్దున బయలుదేరినచో ప్రొద్దుగ్రుంకులోపల చేరవచ్చును.

రెండవది ఋణము. 1921లో తమ కుమారుడు ప్రకాశ్ గారితో కలసి ‘భీష్మ ప్రతిజ్ఞ’ అను మూకీ చిత్రమును వెలువరించి, తెలుగు చలనచిత్ర పితామహులని పేరొందిన రఘుపతి వెంకయ్యనాయుడుగారు పుట్టినది బందరులోనే.

అయినను, “బందరులో చూచుట కేమున్నది?” అని పెదవి విరుచువారు కలరు. వారి మాటలోను కొంత నిజము లేకపోలేదు. 1605లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును వర్తకస్థానములు నెలకొల్పిన రేవది. 1759లో కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారినుండి కోటను గైకొనుటతో ఉత్తర సర్కారుల చరిత్రమే మారినది. నేడా కోటలో శిథిలములు మాత్రమే మిగిలినవి. రేవు మేట వేసెను. పెద్ద ఓడలు దూరముననే లంగరు దింపవలసి వచ్చెను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన పొంగి సుమారు 30,000 ప్రాణములను బలిగొన్నది. డచ్చివారి శ్మశానవాటికలో కులచిహ్నములు చెక్కిన రాతిపలకలు నేటికిని కలవు. దూరదేశమునుండి ధనార్జనకై వచ్చి ఇచ్చటి మన్నులో కలిసినవారి పేరులవి. ఆ పలకలయొద్ద కొంతసేపు నిలువుడు.

కాని సముద్రము తీసికొనిపోలేనిది యొకటి యున్నది. ఆనాడు ఓడలకెక్కిన కలంకారీ వస్త్రము బందరునకు చేరువనున్న పెడనలో నేటికిని తయారగుచున్నది. బట్టను కరక్కాయ రసమున నానవైచి ఆరవైతురు. ఇనుప తుక్కును బెల్లపునీటిలో ఊరవైచిన ద్రవముతో టేకు అచ్చులు గ్రుద్దినంతనే నలుపు తేలును. పటికనీటితో అచ్చు వేసిన చోటులు మొదట కంటికి కనబడనే కనబడవు. బట్టను పారునీట జాడించి, రంగునీట కాచినపుడు మాత్రము అచ్చోటులే ఎఱ్ఱగ విరియును. దీనిని ఒక గంటలో చూచుటకు వీలుకాదు. ఒక రంగు ఆరవలెను, మరియొకటి ఉడుకవలెను. బండియే ఇల్లుగాగల వారికి తొందర లేదు గనుక, రెండు రాత్రులు నిలిచి తనివితీర చూడవచ్చును.

కొన్ని జాగ్రత్తలు చెప్పెదను. అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల కాలము. డిసెంబరు మొదలు ఫిబ్రవరి వరకు మేలు. పెద్ద బండిని ఊరి వెలుపల నిలిపి ఇరుకు వీధులలో కాలినడకనే తిరుగుడు. మంగినపూడి సముద్రతీరమున నల్లమన్ను మెత్తన. బాట విడిచినచో చక్రములు దిగబడును. చిలకలపూడి పాండురంగని దర్శించి, బందరు లడ్డు రుచిచూచి మరలుడు.

తుదకొక మాట. యంత్రముమీద అచ్చొత్తిన నకిలీ బట్ట నేడు కలంకారీ పేర అంగళ్లలో చౌకగ దొరకుచున్నది. దానితో పోటీపడలేక చేతిపనివారు అచ్చులు క్రింద పెట్టినచో, ఉప్పెన చేయలేని పని మన బేరమే చేసినట్లగును. కావున పెడనలో పని కన్నులార చూచి, చేసిన వారి చేతినుండియే కొనుడు. గోలకొండనుండి బందరునకు పోయిన పాతబాట మీద మనము చేయదగిన వర్తక మదియే.