చేపపిల్లకు చూపెప్పుడు?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



చేప చూపుతోను, తాబేలు తలపుతోను, పక్షి స్పర్శతోను తమ పిల్లలను పెంచునని పెద్దల మాట. సంస్కృతమున చేపకు అనిమిషమని పేరు. రెప్పపాటు లేనిదని అర్థము. దేవతలకును అదియే పేరు. ఈ మాటలు చదివినప్పుడెల్ల నాకొక సందేహము కలిగెడిది: తల్లి చూచుచున్నది సరే, పిల్ల ఎప్పటినుండి చూచును?

దీనికి సమాధానము చారల చేప చెప్పినది. అది చిటికెన వ్రేలంతయైన లేని మన దేశపు చేప. దాని గ్రుడ్డు అద్దమువలె నుండుటచే లోపల జరుగు పని యంతయు సూక్ష్మదర్శినిలో కనబడును. హైదరాబాదు సి.సి.ఎం.బి.లోను దీనిని పరిశోధనకై పెంచుచున్నారు. మొదటి దినము ముగియునప్పటికి చెవి బుడగయు, అందులో రెండు సన్నని రాళ్లును ఏర్పడును. ఆ రాళ్లపై దినమునకొక పొర చేరునని 1971లో పనెల్లా అను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. ఏనాటి పద్దు ఆనాడే! లెక్కలు వ్రాయు నాకు ఇంతకన్న ముచ్చటయైన సంగతి లేదు.

రెండవ దినమున చెవి వెనుకనుండి ఒక కణముల గుంపు తోకవైపు ప్రయాణము కట్టి, దారిపొడవున చిన్న చిన్న ముద్దలను విడిచిపోవును. వాటి సన్నని వెండ్రుకలు నీటి కదలికను పసిగట్టును. అనేక జాతుల చేపలలో పెరిగిన పిదప అట్టి ముద్దలలో కొన్ని పొలుసులలోని కాలువలోనికి చేరును. ప్రక్కన మనకు గీతవలె కనబడు పార్శ్వరేఖ అదియే. మన చెవిలోనివియు అట్టి వెండ్రుకల కణములే. చేపకు నశించినవి మరల మొలచును, మనకు మొలవవు. కన్ను వెలుగును గుర్తించుట మూడవ దినమున. ఎరను వెంటాడుట అయిదవ దినమునకు. మసక వెలుతురులో చూచు కణములు పండుటకు ఇంకను వారములు పట్టును.

ఇక మన కొర్రమట్ట సంగతి. 2016లో తెలంగాణ రాష్ట్రపు చేపగా ప్రకటింపబడినది ఇదియే. వానలు పడగానే చెరువు అంచున గడ్డి తొలగించి గ్రుడ్లు పెట్టును. అవి నీటిపై తేలును. ఒకటి ఒకటిన్నర దినములలోనే పిల్ల వెలువడును. అప్పటికి నోరైనను తెరువదు. పొట్టక్రింది సొనతో బ్రతుకుచు వెల్లకిల తేలుచుండును. పిమ్మట కొన్ని వారములు పిల్లలన్నియు ఎఱ్ఱని మబ్బువలె గుంపుకట్టి తిరుగును. క్రింద తల్లియో తండ్రియో, ఒక్కొక్కప్పుడు ఇద్దరునో, కావలి. పెద్దల మాటలో కొంత నిజము లేకపోలేదు. అయితే కొర్రమట్ట గాలి పీల్చు చేప; కావలిదైనను పైకి రాక తప్పదు. వేటగానికి ఆ ఎఱ్ఱదనమే గుర్తు. ఆ వారములలో అటు గాలము వేయవలదని నా మనవి.

నా పదియవ యేట అలుగు ప్రక్కన అట్టి గుంపును చూచి మేనమామకు నేనే చూపితిని. ఆయన కప్పను గాలమునకు గ్రుచ్చి గుంపు నడుమ విసరెను. పిల్లల మీదికి వచ్చిన శత్రువనుకొని కాబోలు, కావలి చేప ఒక్క ఉదుటున పట్టినది. ఆ రాత్రి పులుసు మిక్కిలి రుచిగా నుండెను. రెండు దినముల పిదప పోయి చూచితిని. నీరు తేటగా నున్నది, ఎఱ్ఱదనము లేదు.